సిమ్యులేషన్ చెప్పిన ఎత్తుకు మీ రాకెట్ ఎందుకు చేరలేదు? తేడా పట్టుకోవడం ఎలా

ఒడిశాలోని జయపురంలో మా పిల్లలు ఎగరేసిన చిన్న రాకెట్ ఎంత ఎత్తు పోతుందో ముందే లెక్కగట్టే ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్ 300 మీటర్లు అని చెప్పింది. లోపల పెట్టిన ఆల్టీమీటర్, అంటే ఎత్తు కొలిచే పరికరం, 245 చూపించింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. కానీ సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదు. మనం రాసిచ్చిన రాకెట్‌ను, మనం రాసిచ్చిన వాతావరణంలో అది ఎగరేసింది. పొలంలో లేచిన రాకెట్ వేరు. ఆ రెండింటినీ దగ్గరికి తేవాలంటే ఒకసారికి ఒక్క అంకెనే మార్చాలి. మార్చిన ప్రతిసారీ వచ్చిన ఎత్తు రాసుకోవాలి.

మొదట కొలిచిన అంకెనే అనుమానించండి. ఈ ఆల్టీమీటర్ కొలిచేది గాలి పీడనాన్ని. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు ఉంటుందనీ, పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందనీ అనుకుని దాన్ని ఎత్తుగా మారుస్తుంది. జయపురం దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, ఆ లెక్కన ఇక్కడ 11 డిగ్రీలే ఉండాలి. మేం ఎగరేసిన రోజు 30 ఉంది. వేడి గాలి పలచన, పీడనం అంతే తగ్గాలంటే రాకెట్ ఇంకా పైకి పోవాలి. అంటే అసలు ఎత్తు చూపించిన దానికంటే ఎక్కువ. రెండు ఉష్ణోగ్రతలకూ 273 కలిపి, 303ని 284తో భాగిస్తే 1.067 వస్తుంది. దాంతో గుణిస్తే మా 245 కాస్తా 261 అయింది. కొన్ని ఆల్టీమీటర్లు ఈ సవరణ తామే చేస్తాయి, ముందు వాటితో వచ్చిన కాగితం చదవండి. పారాచూట్‌ను తోసే వాయువు ఆల్టీమీటర్ గదిలోకి చేరినా అంకె చెడుతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఊరి ఎత్తు, ఆ రోజు ఎండ నింపండి. మాకు 300 పెరిగి 318 అయింది, తేడా ఇంకా ఎక్కువైంది! అయినా ఆ అంకెలు తీసేయకండి, ఇక్కడ గాలి నిజంగానే పలచన. ఇదే ఎండలో, సముద్రానికి దగ్గరున్న బరంపురంలో ఎగరేస్తే గాలి దాదాపు 8 శాతం చిక్కగా తగులుతుంది.

ఇక బరువు. మేం రాకెట్‌ను బంగారం కొట్టుకు తీసుకెళ్లి తూయించాం. జిగురు, రంగు, పారాచూట్ తాడు కలిసి డిజైన్ కంటే 9 గ్రాములు ఎక్కువ తేలింది. పారాచూట్, ఆల్టీమీటర్ అన్నీ సర్ది, మోటార్ మాత్రం తీసేసి తూయండి. ఆ బరువునే సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వండి. మా లెక్క 292కి దిగింది. అయితే బరువు పెరిగితే ఎత్తు తప్పక తగ్గుతుందని అనుకోవద్దు. మరీ తేలికైన రాకెట్‌ను మోటార్ ఆగగానే గాలి తొందరగా ఆపేస్తుంది, దానికి కాస్త బరువు మేలే.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది గాలి నిరోధం, అంటే డ్రాగ్. డిజైన్‌లో రెక్కల అంచులు గుండ్రం అని ఎంచుకుంటాం, చేతిలో ఉన్న రెక్కలు కోసిన అట్టలా పలకలుగానే ఉంటాయి. నున్నటి రంగు అని ఎంచుకుంటాం, వేలితో రాస్తే గరుకు తగులుతుంది. రాకెట్‌ను నిలబెట్టి ఎగరేసే కడ్డీకి, అంటే లాంచ్ రాడ్‌కు తగిలించే చిన్న గొట్టాన్ని గీయడమే మర్చిపోతాం. రాకెట్‌ను చేత్తో తడిమి చూస్తూ ఉన్నది ఉన్నట్టు నింపండి. మా లెక్క 274కి వచ్చింది. ఎత్తు కలవాలని డ్రాగ్ అంకెను నేరుగా మార్చేయకండి. మిగతా తప్పులన్నీ దాని వెనక దాక్కుంటాయి.

గాలి వీస్తుంటే రాడ్ వదలగానే రాకెట్ గాలికి ఎదురు తిరిగి ఏటవాలుగా పోతుంది. గాలివేగం, రాడ్ వంపు ఇచ్చాక 268 వచ్చింది. పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు ఎగరేస్తే ఈ చిక్కు తక్కువ. కోత అయిన వరి మళ్లలోనైతే ఎండు దుబ్బులకు నిప్పు అంటుకుంటుంది, చుట్టూ నీళ్లు చల్లండి. మోటార్ మందు మాత్రం ఇంట్లో ఎప్పుడూ కలపకండి.

పైకి పోతుండగానే పారాచూట్ విప్పుకుంటే ఆ ఎత్తును సిమ్యులేషన్‌తో పోల్చకండి. ఒకే ప్యాకెట్‌లోని మోటార్లు కూడా అచ్చంగా ఒకేలా మండవు. అందుకే లెక్క చెప్పిన 268కీ, సవరించిన 261కీ మధ్య మిగిలిన ఆ 7 మీటర్లను మేం అలాగే వదిలేశాం. ఇంకో మూడుసార్లు ఎగరేశాకే డ్రాగ్‌ను ముట్టుకోవాలని పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు.