మారథాన్ సాధన – 9వ పాఠం: పరుగు తగ్గించే మూడు వారాలు

గత పాఠంలో 32 కిలోమీటర్ల లాంగ్ రన్ అయింది కదా. అంతకంటే పెద్ద పరుగు ఇక రేసు రోజునే. ఈ మధ్యలో ఉన్న మూడు వారాలను రన్నర్లు టేపర్ అంటారు. నన్నడిగితే మొత్తం సాధనలో ఇదే కష్టమైన ఘట్టం, ఎందుకంటే చెయ్యాల్సింది తక్కువ, ఊరుకోవాల్సింది ఎక్కువ.

ముందు లెక్క చూసేద్దాం. వారానికి 60 కి.మీ. పరిగెత్తుతున్నవాళ్లు మొదటి వారం 48కి, రెండో వారం 36కి దిగండి. చివరి వారం రేసు కాకుండా 15–20 చాలు. ఆదివారం పరుగు మొదట 20, తర్వాత 12. తగ్గించేది దూరమే. వేగం తగ్గించొద్దు, వారంలో ఒక రోజు రేసు వేగంతో ఓ నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తితే కాళ్లు ఆ లయ మర్చిపోవు.

"ఇంకొక్క లాంగ్ రన్ చేస్తే ధైర్యంగా ఉంటుంది" అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. చెయ్యకండి. ఇప్పుడు చేసిన పెద్ద పరుగు ఫలితం కాళ్లకు చేరడానికి ఇంచుమించు పది రోజులు పడుతుంది, అలసట మాత్రం మర్నాడే వస్తుంది.

రెండో వారానికల్లా అసలు కథ మొదలవుతుంది. పని తగ్గిన కండరాల్లో గ్లైకోజన్, అంటే పరుగుకు ఇంధనంగా ఒళ్లు దాచుకునే పిండిపదార్థం, నిండుతుంది. ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు కూడా చేరుతుంది కాబట్టి కిలో, కిలోన్నర బరువు పెరగొచ్చు, తూకం చూసి బెంబేలెత్తి అన్నం మానేయకండి. నిన్నటిదాకా లేని మోకాలి నొప్పి ఉన్నట్టుండి వస్తుంది, రేపటికి అది మడమలోకి మారుతుంది. ఇలా ఊళ్లు తిరిగే నొప్పిని పట్టించుకోనక్కర్లేదు. ఒకేచోట ఉండి, పరిగెత్తేకొద్దీ పెరిగి, నడకనే మార్చేస్తుంటే మాత్రం ఆపి డాక్టరుకు చూపించండి. ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కోవడం కూడా ఈ వారం లక్షణమే, వాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

దీన్నంతా చాలామంది టెన్షన్ అనుకుంటారు. నేను సంబరం అంటాను. కోస్తా పల్లెల్లో సంక్రాంతికి నెల ముందే నెల పట్టి, రోజూ వాకిట్లో ముగ్గేస్తూ పోతుంటే పండగ మూడు రోజులది కాస్తా నెల రోజులది అవుతుంది చూడండి, అలాగే ఈ మూడు వారాలూ రేసులో భాగమే. ఇన్ని నెలలు తెల్లవారుజామున లేచింది నాలుగైదు గంటల పరుగు కోసమే అయితే గిట్టుబాటు కాదు. ఎదురుచూడటం కూడా లెక్కలోకి రావాలి.

అయితే ఎదురుచూడటం కూడా నేర్చుకోవాల్సిన పనే. మెడల్ మెళ్లో పడినట్టు ఊహించుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాంతో లాభం లేదు. దారిని ఊహించుకోండి. హైదరాబాద్ మారథాన్‌నే తీసుకుందాం: ఆగస్టు చివర్లో ఓ ఆదివారం, ఉక్క, నెక్లెస్ రోడ్డు చదును దాటాక గచ్చిబౌలి వైపు ఫ్లైఓవర్లు, ఎత్తులు. ఈ ఏటి రూట్ మ్యాప్ దగ్గర పెట్టుకుని, పరుగు మానేసిన రోజు బండి మీద ఆ దారిన ఒకసారి వెళ్లి రండి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ అడుగు చిన్నది చేసుకోవాలి, నీళ్లు ఎక్కడ తాగాలి. ముఖ్యంగా 32 దాటాక, అంటే మీ కాళ్లు ఇంతవరకూ చూడని ఆ పది కిలోమీటర్లలో, మనసు "నడుద్దాం" అన్నప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. కష్టాన్ని ముందే చూసి ఉంచుకున్నవాళ్లకు ఆ చోటు చేరాలనే ఉబలాటం కూడా వస్తుంది, నమ్మండి.

తిండి గురించి రెండు మాటలే: చివరి రెండు రోజులు అన్నం, ఇడ్లీ, అరటిపండు ఎక్కువ, నూనె, ఆకుకూరలు తక్కువ. కొత్తది ఏదీ వద్దు, బూట్లతో సహా. ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా కంగారు లేదు, అంతకు ముందు రాత్రి బాగా పడుకుంటే గడిచిపోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ రేసు దారిలో మీకు బాగా భయం వేసే ఒక్క కిలోమీటరు ఎంచుకుని, అక్కడ ఏం చేస్తారో నాలుగు వాక్యాల్లో కాగితం మీద రాయండి. వచ్చే పాఠంలో రేసు రోజు ఉదయం మూడు గంటల నుంచి మొదలుపెడతాం, ఆ కాగితం అప్పుడు కావాలి.