టూర్ బస్సెక్కే ముందు కాళ్ల సంగతి చూసుకోండి

ఐర్లండ్ జాతీయ పండుగ సెయింట్ పాట్రిక్స్ డే మార్చి 17న. అమెరికాలో ఐరిష్ డాన్స్ షోలకు అసలు సీజన్ ఆ రోజుకు అటూ ఇటూ. అందుకే చాలా కంపెనీలు సంక్రాంతి వెళ్లీ వెళ్లకముందే విమానం ఎక్కేస్తాయి. ఇక అక్కడి నుంచి బస్సే ఇల్లు. ఈ రాత్రి ఒహాయోలో షో, రేపు రాత్రి ఇండియానాలో, బయట మైనస్ పది.

1994లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ మధ్యలో ఏడు నిమిషాలు వేసిన రివర్‌డాన్స్ అనే ఐరిష్ నృత్యం మరుసటి ఏడాది పూర్తి షో అయింది. అప్పటిదాకా పతకాల కోసం నేర్చుకునే ఈ నృత్యం జీతమొచ్చే ఉద్యోగంగా మారింది కూడా అక్కడి నుంచే. ఐర్లండ్‌లో పెరిగే మన తెలుగు పిల్లలు కొందరు ఇప్పుడు ఈ డాన్స్ నేర్చుకుంటున్నారు. వాళ్లకు టూర్ ఆఫర్ వస్తే ఇంట్లో టెన్షన్ అంతా వీసా గురించీ తిండి గురించీ. టూర్లలో కాళ్లు చూసే ఫిజియోగా నా టెన్షన్ వేరు. షో నడిచే రెండు గంటల్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కాళ్లు పాడయ్యేది ఎక్కువగా మిగతా ఇరవై రెండు గంటల్లో.

ఇంట్లో ఉండగానే రక్తపరీక్ష చేయించండి. విటమిన్ డి, బి12, ఐరన్ తప్పనిసరి. డబ్లిన్‌లో శీతాకాలపు ఎండకు ఒంట్లో విటమిన్ డి తయారవదు, మన చామనఛాయ ఒంటికి మరీ కష్టం. అది తక్కువున్న ఎముకల మీద రోజూ రాత్రి గెంతితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే 'టూర్లో ఇదంతా మామూలే' అని సరిపెట్టుకోవద్దు. తినేది చాలడం లేదని ఒళ్లు చెప్పే మాట కావచ్చు. డాక్టరుకు చూపించాల్సిందే.

నేల మీద టకటకలాడించే హార్డ్ షూలు రెండు జతలుండాలి, రెండూ ముందే కాలికి అలవాటై ఉండాలి. కొత్త జత టూర్లో అలవాటు చేసుకుందాంలే అనుకుంటే బొబ్బలే. వాడే జతను విమానంలో మీతోపాటే ఉంచుకోండి. సూట్‌కేసు తప్పిపోతే బట్టలు దొరుకుతాయి, మీ పాదానికి సాగిన తోలు దొరకదు. మునివేళ్ల దగ్గరా మడమ దగ్గరా ఉండే ఫైబర్‌గ్లాస్ ముక్కల మరలు దెబ్బలకు వదులవుతుంటాయి. షోకి ముందు వేలితో కదిపి చూడటం అరనిమిషం పని.

కాగితాల విషయం క్లుప్తంగా. టూరిస్టుగా అమెరికాలో దిగి టికెట్ షోలో ఆడకూడదు, కళాకారుల పి తరగతి వీసా లాంటిది కంపెనీ తీయించాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లండ్ లేదు, కాబట్టి ఐర్లండ్ నివాస కార్డు చూపించి ఫ్రాన్స్, జర్మనీ వెళ్లలేరు. మందులు కూడా చూసుకోండి. ఐర్లండ్ మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే సోల్పడీన్, నూరోఫెన్ ప్లస్ నొప్పి మాత్రల్లో కోడీన్ అనే మత్తు మందు ఉంటుంది. దుబాయ్ వైపు వెళ్తే అది నియంత్రిత మందు, ముందే అనుమతి కావాలి. జపాన్‌లో కొన్ని జలుబు మాత్రలకు కూడా నిషేధం ఉంది. అమెరికాలో వైద్యం ఖర్చు తెలిసిందే కాబట్టి పని చేస్తుండగా తగిలే దెబ్బలు కూడా బీమాలో వస్తాయో లేదో చదివాకే సంతకం పెట్టండి.

బస్సుకి దాని మర్యాదలు దానికున్నాయి. పడుకునే బెర్తులో కాళ్లు డ్రైవర్ వైపు, తల వెనక్కి. సడన్ బ్రేక్ పడితే తల గోడకు కొట్టుకుని మెడ విరగకుండా ఉండటానికి. బస్సు కదులుతుంటే సాక్సులతో నడవొద్దు. అర్ధరాత్రి పెట్రోలు బంకులో దిగితే ఎవరికైనా చెప్పి దిగండి, లేదా మీ వస్తువేదైనా డ్రైవర్ సీట్లో పెట్టి వెళ్లండి. లేకపోతే మిమ్మల్ని వదిలేసి బస్సు వెళ్లిపోవడం జోకు కాదు. పాస్‌పోర్టు బస్సు డిక్కీలో వద్దు, కెనడా సరిహద్దు తెల్లవారుజామున మూడింటికి వస్తే తవ్వి తీయలేరు.

ఇక అసలైనది, నేల. ఐరిష్ డాన్స్‌లో చేతులు పక్కనే ఉంటాయి, నడుం నిటారుగా ఉంటుంది. దిగేటప్పుడు బరువంతా, అదీ ఒంటి బరువుకు కొన్ని రెట్లు, మునిపాదం మీదే పడుతుంది. అందుకే పెద్ద కంపెనీలు తమ నేలను తామే మోసుకెళ్తాయి. ఆ నేల మీద ఉన్నంతసేపు ఫర్వాలేదు. ఆ నేల దాటితే చాలు, స్టేజీ పక్కన వింగ్స్‌లో కాంక్రీటు, హోటల్ లాబీలో పాలరాయి. అక్కడ హార్డ్ షూ వేసుకుని 'ఒక్కసారి స్టెప్ చూసుకుంటా' అనేవాళ్లని రోజూ చూస్తాను. స్టెప్ చూసుకోవాలంటే కేడ్స్ (మెత్తటి కాన్వాస్ బూట్లు) వేసుకుని మెల్లగా నడిచి చూసుకోవచ్చు. ప్రచారం కోసం పొద్దున ఆరింటికి టీవీ స్టూడియోకి పంపిస్తారు, అక్కడి గట్టి నేల మీద చల్లటి కాళ్లతో ఆడమంటారు. ప్లైవుడ్ పలక వెయ్యమనండి, ఇరవై నిమిషాలు వార్మప్‌కి అడగండి. ఇవ్వకపోతే సాఫ్ట్ షూతో చిన్న ముక్క చాలు అని డాన్స్ కెప్టెన్‌తో చెప్పించండి. మన కూచిపూడి పిల్లలు అమెరికా సభల్లో ఒట్టికాళ్లతో సిమెంటు మీద ఆడుతుంటే నాకు కడుపులో దేవేది కూడా ఇందుకే.

స్టేజీ మీద నేలకు దగ్గరగా వదిలే పొగ చల్లారాక తడి మిగిలిపోతుంది. పొగ సీన్ తర్వాత మీ వరుస ఎక్కడ దిగుతుందో రిహార్సల్‌లోనే గమనించండి.

బస్సు దిగిన కాళ్లు గంటల తరబడి ముడుచుకుని, చలికి బిగుసుకుని ఉంటాయి. నేరుగా స్ట్రెచింగ్ మొదలుపెట్టొద్దు. ముందు కాస్త చెమట పట్టాలి: నడక, మెట్లు, మడమలెత్తి దించడం. వార్మప్ అయ్యాక తెర లేచేదాకా మందపాటి సాక్సులు, ట్రాక్ ప్యాంటు తీయకండి.

నొప్పి దగ్గరే అందరూ అబద్ధాలాడేది. పిక్కలన్నీ పట్టేసి, వేడెక్కాక సర్దుకుంటే అలసట. ఒకే చోట, వేలి మొనతో చూపించగలిగే చోట, నొక్కితే ప్రాణం పోయినట్టుండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్న పగులు మొదలై ఉండొచ్చు. మొదటి రోజుల్లో అది మామూలు ఎక్స్‌రేలో తరచూ కనిపించదు, 'ఎక్స్‌రేలో ఏం లేదుగా' అని మళ్లీ స్టేజీ ఎక్కేస్తారు. మాత్ర వేసుకుని ఆడితే నొప్పి దాక్కుంటుంది, పగులు పెరుగుతుంది. వారాల్లో మానాల్సింది నెలలు తీసుకుంటుంది. చెప్తే నా స్థానం పోతుందేమోనన్న భయం అర్థమవుతుంది. కానీ నాలుగైదు స్థానాలు నేర్చుకున్న స్వింగ్ డాన్సర్లను కంపెనీ పెట్టుకునేదే ఇందుకు. మార్చి 17కి నిలబడాలంటే ఫిబ్రవరిలో రెండు షోలు కూర్చోవడం నష్టమేం కాదు.

తిండికి ఎలక్ట్రిక్ కుక్కర్, కందిపప్పు, పచ్చడి సీసా చాలు. కుక్కర్ బస్సులో కాదు, హోటల్లో, అదీ ఒప్పుకుంటేనే.

హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మకు టైమ్ ముందే చెప్పి పెట్టండి. జనవరి, ఫిబ్రవరిల్లో షికాగోలో రాత్రి ఏడున్నరకు తెర లేస్తే ఆవిడకు తెల్లారి ఏడు. కాఫీ తాగి మనవరాలికి ఫోన్ చేసే వేళ సరిగ్గా అదే. పదిన్నర దాటాక చెయ్యమనండి, అప్పటికి ఇక్కడ పిల్ల మేకప్ తుడుచుకుని, కాళ్లు పైకి పెట్టుకుని మాట్లాడుతుంది.