నువ్వులూ బియ్యమూ: నెరిసిన జుట్టుతో రాజీ – 3వ పాఠం

పోయిన పాఠంలో దువ్వెనకు వచ్చిన తెల్ల వెంట్రుకల్ని పారేయకుండా ఒక కవరులో దాచమన్నాను. ఇవాళ అవి కావాలి. పారేసినవాళ్లు రెండు వారాలు పోగుచేసుకుని రండి, తొందరేం లేదు. తెల్ల వెంట్రుకలకు కరువొచ్చేది లేదు కదా.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మొదటి పాఠంలో తలను నాలుగు భాగాలు చేసి, ఎక్కడ ఎంత నెరిసిందో కాగితం మీద గీసుకున్నాం. చాలామందికి కణతల దగ్గర ఎక్కువ, నడినెత్తిన కొంచెం, వెనకాల దాదాపు ఏమీ ఉండదు. రెండో పాఠంలో గోరింటాకు, నీలి ఆకు పొడులను మోచేతి మడతలో రాసి 48 గంటలు చూశాం. దురద గానీ దద్దుర్లు గానీ వచ్చినవాళ్లు ఈ పాఠం చదవండి, చేయకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం (పుట్టుకతో వచ్చేది) ఉన్నట్టు డాక్టరు చెప్పినవాళ్లు గోరింటాకు జోలికే వెళ్లొద్దు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

ఇక విషయానికి వద్దాం. నల్లరంగు వేసుకునేవాళ్ల టెన్షనంతా ఆ గీతతోనే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రంగు వేసిన మూడు వారాలకు పాపిడికి అటూ ఇటూ ఏడు మిల్లీమీటర్ల తెల్లపట్టీ. పైనంతా కాటుక, కుదుళ్ల దగ్గర సున్నం. ఎదుటివాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. పన్నెండేళ్లు మూడు వారాలకోసారి ఆ పట్టీని తరిమాను. ఒక్కసారి కూడా గెలవలేదు.

కవిత్వంలోని సొగసుల్ని వివరించే మన అలంకారశాస్త్రంలో తిలతండుల న్యాయమని ఒకటుంది. నువ్వులూ బియ్యమూ కలిపితే దగ్గరికెళ్లి చూస్తే ఏ గింజకాగింజే, దూరం నుంచి చూస్తే ఒకటే రాశి. పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోతే అది క్షీరనీర న్యాయం. ఇన్నాళ్లూ తలంతా ఒకే రంగులో ముంచి మనం చేసింది రెండోది. ఇప్పుడు నేర్చుకునేది మొదటిది. తెల్లవెంట్రుకల్లో కొన్నిటికే రంగు వేస్తాం, మిగతావి అలాగే ఉంచుతాం. కుదుళ్ల దగ్గర కొత్తగా తెల్లవి మొలిచినా వాటి పక్కన ముందునుంచీ తెల్లవి ఉంటాయి కాబట్టి గీత ఏర్పడదు. మూడు వారాలకోసారి చేసే పని రెండున్నర, మూడు నెలలకోసారికి తగ్గుతుంది.

రంగు ఎంచుకోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మన జుట్టు నలుపే అనుకుంటాం. ఒక నల్ల వెంట్రుకను తెంపి మధ్యాహ్నం ఎండలో కిటికీ దగ్గర పట్టుకోండి. చాలామందికి ముదురు కాఫీగింజ రంగు కనిపిస్తుంది. మనకు కావాల్సింది దానికన్నా ఒక మెట్టు లేత. బాగా నలుపు వేస్తే పక్కనే వదిలేసిన తెల్లవెంట్రుక ఇంకా తెల్లగా అరుస్తుంది.

తెల్ల వెంట్రుకలో సహజమైన రంగు పదార్థం ఉండదు. అందుకే గోరింటాకు ఒక్కటే పెడితే నారింజతొనలా వస్తుంది. నీలి ఆకులోది నీలం. అదే నీలిమందు, ఒకప్పుడు కడప సీమకు పేరు తెచ్చిన పంట. నారింజకు నీలం తోడైతే గోధుమ రంగు. ఈ రెంటి పాళ్లు మార్చడమే ఈ పాఠంలో సగం పని. దాచిన వెంట్రుకల్ని మూడు చిన్న కుచ్చులుగా చేసి దారంతో కట్టండి. ఒకదానికి గోరింటాకు, నీలి సమానంగా. రెండోదానికి గోరింటాకు ఒకటికి నీలి రెండు. మూడోదానికి గోరింటాకు ఒకటికి నీలి మూడు. ప్రతిదాన్నీ ముద్దలో ముంచి పాలిథీన్ ముక్కలో చుట్టి గంట ఉంచి, ఉత్తనీళ్లతో కడగండి. కడగ్గానే తీర్పు చెప్పకండి! నీలి ఆకు రంగు గాలి తగిలితేనే తేలుతుంది. మొదటి రోజు ఆకుపచ్చగానో మురికిగానో ఉన్నది రెండో రోజుకు సర్దుకుంటుంది. మా ఇంట్లో పెళ్లికి ముందురోజు ఈ సంగతి తెలియక తలకు పెట్టుకున్నాను. ఫొటోల్లో నా కణతలు గోంగూర కాడల్లా ఉన్నాయి. ఏ ఫంక్షన్‌కైనా మూడు రోజుల ముందే ముగించండి. రెండు రోజుల తర్వాత మూడు కుచ్చుల్నీ మీ కణత పక్కన పెట్టి అద్దంలో చూస్తే ఏది నప్పుతుందో మీకే తెలుస్తుంది. నాకు ఒకటికి రెండు కుదిరింది.

పొడులు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. గోరింటాకు పొడి చాలావరకు రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వస్తుంది, 2021లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరు ఏదైనా, స్వచ్ఛమైన గోరింటాకు నల్లరంగు ఇవ్వదు. 'నల్ల మెహందీ' అని రాసి అరగంటలో నలుపు తెస్తే అందులో వేరే ఏదో ఉంది, చాలాసార్లు అది పీపీడీ అనే రసాయనం. కొందరికి దాంతో ముఖం వాచి కళ్లు మూసుకుపోయేంత అలర్జీ వస్తుంది.

కలపడం ఇలా. కణతలకు, పాపిడి పక్కలకు 15 గ్రాముల గోరింటాకు పొడి చాలు. దాన్ని పలుచని బట్టలో జల్లించి, ఒక చెంచా ఉసిరిపొడి వేసి, గోరువెచ్చని నీళ్లతో పెరుగులా కలిపి రాత్రంతా మూతపెట్టండి. మే నెల విజయవాడలో అయితే నాలుగైదు గంటలే ఎక్కువ. ఉసిరి ఎర్రదనాన్ని కాస్త అణుస్తుంది. ఇనుప మూకుడులో నానబెట్టమని మన పెద్దవాళ్లు చెబుతారు. ఉసిరిలోని వగరుకు ఇనుము తగిలితే నలుపెక్కుతుంది, వాళ్లు చెప్పింది నిజమే. కానీ ముందుముందు పార్లర్‌లో రంగు వేయించుకోవాలన్న ఆలోచన ఉంటే ఇనుము వద్దు, వాళ్లు వాడే పెరాక్సైడ్‌తో పడదు. నేను పింగాణీ గిన్నే వాడతాను.

నీలిపొడి మాత్రం నానబెట్టేది కాదు. తలకు పెట్టే ముందు, నాకు కుదిరిన ఒకటికి రెండు లెక్కన, 30 గ్రాములు తీసుకుని గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కలిపి పది నిమిషాలు ఆగండి. నిమ్మరసం, పెరుగు లాంటి పులుపులు తగలకూడదు. ముద్ద మీద ముదురు నీలం పొర కట్టడం మొదలవగానే గోరింటాకులో కలిపి వెంటనే పని మొదలుపెట్టాలి. ఆలస్యమైతే దాని బలం గిన్నెలోనే అయిపోతుంది.

ఇప్పుడు అసలు చేతిపని. తలస్నానం చేసి ఆరిన జుట్టు, నూనె ఉండకూడదు. చేతులకు గ్లవ్స్, మెడచుట్టూ పాత తువ్వాలు. కడిగిన పాల ప్యాకెట్లను చీల్చి అరచేయంత ముక్కలు పది చేసుకోండి. పాపిడి తీసి, దానికి ఆనుకున్న మొదటి పలుచని పొరను పక్కకు క్లిప్పు పెట్టేయండి, దానికి రంగు లేదు. చివర్లో అది ముసుగులా పైన పడి కిందున్న పనిని కప్పుతుంది. దాని కింద అర సెంటీమీటరు పొర తీసుకుని, తోక దువ్వెన (సన్నని మొనలాంటి పిడి ఉన్నది) మొనతో పూలు గుచ్చేటప్పుడు సూది పోనిచ్చినట్టు పైకీ కిందికీ పోనివ్వండి. మొన మీదికి వచ్చిన వెంట్రుకలు ఒక గుంపు, కిందికి జారినవి మరో గుంపు. పైకి వచ్చిన వాటి కింద ప్యాకెట్ ముక్క పెట్టి, కుదురు నుంచి ముద్ద పట్టించి మడిచేయండి. జారినవాటిని అలాగే వదలండి. ఒక వేలు వెడల్పు ఖాళీ ఇచ్చి మళ్లీ ఇంకో పొర.

ఎన్ని వదలాలి? నా లెక్క చెబుతాను. పొరలో పావువంతు కన్నా తక్కువ తెల్లవి ఉంటే దాన్ని ముట్టుకోను. సగం దాకా ఉంటే వాటిలో సగానికి వేస్తాను. ముప్పావు దాటిన కణతల దగ్గర మూడింట ఒక వంతుకే. నుదుటి అంచున ఉండే పిల్లవెంట్రుకలకు అసలు వద్దు, అక్కడ ముద్ద చర్మానికంటి విగ్గు పెట్టినట్టు ఉంటుంది. పాత నల్లరంగు ఇంకా ఉన్న చివర్లకూ వద్దు, వాటి పని కత్తెరది.

మొదటిసారి చేయి తిరగదు. పొరలు వంకరపోతాయి. పోనివ్వండి, వంకరగా ఉంటేనే మేలు. నీటుగా వరసలు దిద్దినవాళ్ల తల మీద చారలు కనబడతాయి.

గంట నుంచి గంటన్నర ఉంచి, ఉత్తనీళ్లతో ముద్ద పూర్తిగా పోయేదాకా కడగండి. రెండు రోజులు షాంపూ లేదు.

ఇంకొక మాట. మగవాళ్లు నెరిసిన తలతో తిరిగితే సాల్ట్ అండ్ పెప్పర్ లుక్ అంటారు. నేను మొదటిసారి కణతల్లో తెల్లవి వదిలి బయటికొస్తే మా పిన్ని నుదురు ముట్టుకుని చూసి, 'ఏమే, ఒంట్లో బాగుండట్లేదా?' అంది. నెలన్నర తర్వాత అదే పిన్ని ఏ పార్లర్‌కి వెళ్తున్నావని అడిగింది. మీ ఇంట్లోనూ ఒక పిన్ని ఉంటుంది, సిద్ధంగా ఉండండి.

ఇంటిపని: రంగు వేసిన రోజు, మూడో రోజు, ముప్పయ్యో రోజు ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి, పాపిడి కనబడేలా ఫొటో తీసుకోండి. ఫ్లాష్ వద్దు. బోరు నీళ్లతో తలస్నానం చేసేవాళ్లు వదిలేసిన తెల్లవెంట్రుకలు పసుపు తిరుగుతున్నాయేమో ప్రత్యేకంగా గమనించండి. నాలుగో పాఠం ఆ పసుపు గురించే.