ఎన్‌పీ కంప్లీట్ పాఠం షాపులతో మొదలుపెట్టండి

పీహెచ్‌డీ చేస్తూ బీటెక్ పిల్లలకు ఎన్‌పీ కంప్లీట్ సమస్యల మీద (జవాబు ఇస్తే సరిచూడటం తేలికే, వెతికి పట్టడానికి మాత్రం వేగమైన దారి ఇప్పటిదాకా దొరకనివి) ట్యుటోరియల్ చెప్పాల్సి వస్తే నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకండి, సగం క్లాసు అక్కడే నిద్రపోతుంది. బెంజి సర్కిల్‌లో బయల్దేరి బెజవాడలో పది షాపులకు సరుకు వేసి తిరిగి రావాలి, 30 కిలోమీటర్లు దాటకూడదు అని బోర్డు మీద రాయండి. ఎవరైనా రూటు చెప్తే కూడి చూడటం నిమిషం పని. అదే ఒక్కోటీ వెతుక్కుంటూ పోతే? వరసలే 36,28,800.

తర్వాత రిడక్షన్, అంటే ఒక సమస్యను ఇంకో సమస్యగా మార్చడం. గుంటూరులో నా మొదటి క్లాసులో దాన్ని తలకిందులుగా రాసేశాను, వెనక బెంచీ అమ్మాయి పట్టేసింది. కష్టమని ముందే తెలిసిన హామిల్టోనియన్ సైకిల్‌నే (చుక్కలూ, అంటే శీర్షాలూ, వాటిని కలిపే అంచులూ ఉన్న గ్రాఫ్‌లో ప్రతి శీర్షాన్నీ ఒక్కసారే తాకి మొదటికి తిరిగొచ్చే దారి ఉందా అనే ప్రశ్న) మన షాపుల సమస్యగా మార్చాలి: గ్రాఫ్‌లో అంచు ఉంటే దూరం 1, లేకపోతే 2, హద్దేమో శీర్షాల సంఖ్య. హామిల్టోనియన్ నుంచి షాపుల వైపు బాణం పెద్దగా గీయండి. కుక్ 1971 (మొదటి ఎన్‌పీ కంప్లీట్ సమస్య), కార్ప్ 1972 (రిడక్షన్లతో మరెన్నో) కథ చివర్లో రెండు నిమిషాలు చాలు.