బీఎడ్ అయిపోయిందా? మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళేముందు ఇది చదవండి

బీఎడ్ అయిపోయి ఫస్ట్ టైమ్ ప్రైవేట్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు చాలామంది రాత్రంతా పియాజే, వైగోట్‌స్కీ, బ్లూమ్స్ టాక్సానమీ లాంటి బీఎడ్ థియరీలన్నీ బట్టీ పట్టేసి వెళ్తారు, తీరా అక్కడ అడిగేది "సరే మేడమ్, ఒక పది నిమిషాలు ఏదైనా పాఠం చెప్పండి" అని. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఎక్కువగా ఆ పది నిమిషాల్లోనే, అందుకే ప్రిపరేషన్‌లో ముప్పావు వంతు ఈ డెమో పాఠానికే పెట్టండి.

టాపిక్ చిన్నది తీసుకోండి. భిన్నాలు అని చాప్టర్ మొత్తం కాదు, 1/3 పెద్దదా 1/4 పెద్దదా, అంతే. అయిదో క్లాసులో అడిగి చూడండి, 1/4 అనేవాళ్ళు కచ్చితంగా ఉంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి. అక్కడ "తప్పు, కూర్చో" అన్నారో ఇక అంతే సంగతులు, ఎందుకంటే వెనక కూర్చున్న ఇంటర్వ్యూ ప్యానెల్‌వాళ్ళు చూసేది సరిగ్గా ఆ ఒక్క నిమిషమే. ఒకే సైజు కాగితం చపాతీలు రెండు, ఒకటి మూడు ముక్కలుగా ఒకటి నాలుగు ముక్కలుగా ముందే కోసుకెళ్ళి ఆ పిల్లాడి చేతికే ఇవ్వండి, పక్కపక్కన పెట్టుకుని వాడే చెప్తాడు, "టీచర్, ఎక్కువమంది పంచుకుంటే ముక్క చిన్నదైపోతోంది" అని. (నిజం చపాతీలు మాత్రం వద్దు, నేను తీసుకెళ్తే క్లాసు మధ్యలోనే ఒకటి మాయమైంది.) కొన్ని చోట్ల పిల్లలు ఉండరు, ప్యానెల్‌వాళ్ళే పిల్లల్లా కూర్చుని కావాలని తప్పు చెప్తారు, కంగారు పడకండి.

ఇంకోటి బోర్డు. నా మొదటి డెమో అయ్యాక ప్రిన్సిపాల్ మేడమ్ "మీ జడ తప్ప పిల్లలకి ఏమీ కనపడలేదమ్మా" అంది. ఇంట్లో బీరువా తలుపు మీద చాక్‌పీస్‌తో పక్కకి నిలబడి రాయడం ప్రాక్టీస్ చేయండి, ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోండి, సిగ్గేస్తుంది కానీ పనికొస్తుంది.

ప్రశ్నల్లో ఎక్కువమంది దొరికిపోయేది "హోంవర్క్ చేయకపోతే ఏం చేస్తారు" దగ్గర. "పేరెంట్సే కొట్టమంటున్నారండీ" అని లాగుతారు కూడా, పడిపోకండి, విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 ప్రకారం కొట్టడమే కాదు మానసికంగా వేధించడం కూడా నిషేధం. చట్టం పేరు చెప్పి ఆగకుండా ఎందుకు చేయలేదో విడిగా పిలిచి కనుక్కుంటా, ఇంట్లో చూసేవాళ్ళు లేకపోతే స్కూల్లోనే పావుగంట చేయిస్తా అని మీరు చేసేది చెప్పండి. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులు, 2020 జాతీయ విద్యావిధానంలో స్కూల్ చదువుని ఏళ్ళవారీగా విడగొట్టిన 5+3+3+4 అంటే ఏంటి, ఇవి ఒకసారి చూసుకుంటే చాలు.

సర్టిఫికెట్లు జిరాక్స్ రెండు సెట్లు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసేసుకోండి, "మా దగ్గరే ఉంచండి" అంటే మొహమాటపడొద్దు, తర్వాత మానేయాలంటే అవే మెడకి చుట్టుకుంటాయి. జీతం ఎంత అని మాత్రమే అడిగి వచ్చేయకండి, 12 నెలలకా 10 నెలలకా, ఎండాకాలం సెలవులకి ఇస్తారా అని కూడా అప్పుడే అడిగేయండి.