షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటర్‌గా ఎదగడం ఎలా?

షార్ట్ ట్రాక్ క్రీడాకారులు కావాలనుకునేవారు మొదట మలుపును వశం చేసుకోవాలి. 111.12 మీటర్ల అండాకార మంచు ట్రాక్‌పై స్కేట్‌లతో అపసవ్య దిశలో సాగే ఈ పందెంలో గెలుపోటములు చాలావరకు మలుపుల్లోనే తేలుతాయి కనుక, ఎడమకు బాగా వాలి, ఎడమచేతి వేళ్లను మంచుకు ఆనించి, కుడికాలిని ఎడమకాలి మీదుగా దాటించే అడుగు శరీరానికి సహజమయ్యేంతవరకు ఓపికగా సాధన చేయాలి. వేళ్ల కొనలకు గట్టి తొడుగులున్న గ్లౌజులు, స్కేటింగ్ బూట్ల అడుగున ఎడమకు జరిపి బిగించిన బ్లేడ్లు ఇందుకోసమే. హెల్మెట్, మెడ రక్షణ పట్టీ, కోతను తట్టుకునే దుస్తులు లేకుండా ఒక్క చుట్టు కూడా తిరగకూడదు.

నాలుగున్నర చుట్ల 500 మీటర్లలో ఆరంభమే ప్రాణం. పదమూడున్నర చుట్ల 1500 మీటర్లలో మాత్రం ఎప్పుడు వెనుక ఉండి శక్తిని దాచుకోవాలో, ఎప్పుడు ముందుకు దూసుకుపోవాలో తెలియాలి. ఇతరులను నెట్టినా, దారికి అడ్డుపడినా అనర్హత వేటు తప్పదు.

గాయాల నుంచి కోలుకునే కాలాన్ని కూడా శిక్షణలో భాగంగానే లెక్కించాలి. ఆస్ట్రేలియాకు చెందిన స్టీవెన్ బ్రాడ్‌బరీ 1994లో తొడకు తీవ్ర గాయమై, 2000లో మెడ ఎముక విరిగినా తిరిగి మంచుపైకి వచ్చాడు. 2002 ఒలింపిక్స్ 1000 మీటర్ల ఫైనల్ చివరి మలుపులో ప్రత్యర్థులందరూ పడిపోగా, నిలబడి ఉన్న అతనికే స్వర్ణం దక్కింది.