పాత కారుకి ఇంకా డబ్బు పెట్టాలా, వదిలించుకోవాలా? గోదావరి జిల్లాల్లో తేల్చుకోవడం ఎలా

షెడ్డు నుంచి ఫోన్ వస్తుంది. "గురువుగారూ, క్లచ్ ప్లేటొక్కటే అనుకున్నామండి. దింపి చూస్తే లోయర్ ఆర్మ్ బుష్షులు కూడా పోయాయండి. ఏం చెయ్యమంటారు?" ఆ ఫోన్లోనే జవాబు చెప్పేయకండి. "సరే, కానియ్యి" అన్నవాళ్లూ, "ఎంతకొస్తే అంతకి అమ్మేద్దాం" అన్నవాళ్లూ తరవాత నాలిక కరుచుకోవడం చూశాను. సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేసి, ఈ కింది పనులు చేయండి.

1. పాత బిల్లులు బయటికి తీయండి

గత 24 నెలల బిల్లులు ముందేసుకుని రెండు కుప్పలు చేయండి. ఇంజన్ ఆయిల్, టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు ఒక కుప్ప. ఇవి కొత్త కారుకైనా తప్పవు కాబట్టి లెక్కలోకి రావు. రెండో కుప్ప అసలు రిపేర్లు. మా ఇంట్లోది 2011 నాటి చిన్న పెట్రోలు కారు. దాని రెండో కుప్ప 62,000 తేలింది. అంటే నెలకి సుమారు 2,600. ఆరు లక్షల లోను, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే కిస్తీ నెలకి 12,600 దాకా పడుతుంది. పైగా కొత్త బండికి ఇన్సూరెన్సూ ఎక్కువే.

రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే అమ్మేయమని చాలామంది చెప్తారు. నాకైతే ఆ లెక్క నచ్చదు. పదిహేనేళ్ల బండికి మార్కెట్లో ధరే ఉండదు, ఏ రిపేరైనా సగం దాటినట్టే కనిపిస్తుంది. ఈ డబ్బు పెడితే ఎన్ని నెలలు నిశ్చింతగా తిరుగుతుందో అడగండి. 20,000 పెడితే రెండేళ్లు ఖాయమని మెకానిక్ ధైర్యంగా చెప్పగలిగితే అది చవకే.

2. అడుగు చూడండి

అందరూ కిలోమీటర్లు ఎన్ని తిరిగిందని అడుగుతారు. మన దగ్గర ముందు అడగాల్సింది అడుగున ఇనుము ఎలా ఉందని. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పు గాలి. భీమవరం వైపు చేపల లారీల నుంచి కారే నీళ్లు, చెరువు గట్ల బురద. ఇంజన్ పోతే బోరు చేయించవచ్చు (అంటే అరిగిన సిలిండర్లు తొలిపించి మళ్లీ కట్టించడం), గేర్‌బాక్స్ పోతే మార్చవచ్చు. బాడీ పోతే మార్చేది కారునే.

ముందు సీట్ల దగ్గర రబ్బరు మ్యాట్లు తీసి, కింద ఉన్న కార్పెట్ కూడా ఎత్తి అరచేత్తో గట్టిగా నొక్కండి. మాది నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లొచ్చాయి, తడిసిన గోనెసంచి వాసన. వానలు లేవు, మరి నీళ్లెక్కడివి? ఏసీ నీళ్లు బయటికి పోయే చిన్న గొట్టం మట్టితో పూడిపోయి, రెండు వేసవులుగా ఆ నీళ్లు లోపలికే కారుతున్నాయి. గొట్టం శుభ్రం చేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. కింద రేకు మాత్రం అప్పటికే పెచ్చులు లేచింది.

తరవాత స్క్రూడ్రైవర్ పిడితో తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఠంగుమంటుంది. తుప్పు తిన్నచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగుతుంది. తలుపుల అడుగు అంచున నీళ్లు పోయే కన్నాలుంటాయి. అవి మూసుకుపోతే చీపురు ఈనెతో పొడవండి. అడుగున ఈమధ్యే నల్లటి కోటింగ్ కొట్టించి ఉంటే సంబరపడకండి, తుప్పు మీదే కొట్టేసి ఉండొచ్చు.

రన్నింగ్ బోర్డులో, ఫ్లోరులో చిల్లులుంటే టింకరింగ్ వాళ్లు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు, పరవాలేదు. సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ ఎత్తే చోట్లు మెత్తబడితే మాత్రం ఇక పైసా పెట్టకండి. ఇంజన్ ఎంత బాగున్నా సరే.

3. ఇంజన్ని పొద్దున్నే చూడండి

రాత్రంతా చల్లారిన బండిని స్టార్ట్ చేసి పొగ చూడండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. ఆయిల్ మూత కింద కాఫీ నురగలాంటిది కనిపిస్తే కంగారు వద్దు. రోజూ బజారుదాకానే తిప్పే బండ్లకి తేమ వల్ల కూడా కొంచెం అలా పడుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగుంటే అప్పుడు టెన్షన్ పడాలి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి, అదీ అలవాటైన షెడ్డులో కాకుండా ఇంకోచోట.

వరద నీళ్లలో సీటు దాకా మునిగిన బండి సంగతి వేరు. నీళ్లలో ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకూడదు. ఇంజన్లోకి నీళ్లు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా దీనికి డబ్బివ్వదు. ఇంజన్ బాగుచేయించినా వైరింగ్‌లో పట్టిన చిలుము ఏడాది తరవాతైనా బయటపడుతుంది. అలాంటి బండిని నేనైతే ఉంచుకోను.

4. ఆ కారులో ఎవరు, ఎక్కడికి తిరుగుతారు?

అమలాపురం బజారుకి, కొబ్బరితోటకి తిరిగే బండి ఆగిపోతే ఆటో ఎక్కి ఇంటికొస్తాం. నెలనెలా అమ్మని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లే బండి రాత్రి పదింటికి రావులపాలెం దాటాక హైవే మీద ఆగితే? డబ్బు లెక్క బాగున్నా ఈ ఒక్క ప్రశ్నతో నిర్ణయం మారిపోవచ్చు. పార్టులు దొరుకుతాయో లేదో కూడా ఇక్కడే చూసుకోండి. షెవర్లే మన దేశంలో 2017లో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి బండ్లకి పార్టు వచ్చేదాకా షెడ్డులోనే ఉంచాల్సి రావచ్చు.

5. కాగితాలు

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకి అయిపోతుంది. ఫిట్‌నెస్ చూపిస్తే ఐదేళ్లకి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 5,000. 2025లో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఢిల్లీలో డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు అని విన్న రూలు అక్కడిది, మనకి కాదు. పెద్ద రిపేరు ఏదైనా ఈ రెన్యువల్‌తో కలిపే ఆలోచించండి. ఆర్‌సీ నాలుగు నెలల్లో అయిపోయే బండికి ఇవాళ ఇంజన్ బోరు చేయించడం తెలివైన పని కాదు.

6. వదిలేద్దామనుకుంటే

అమ్మే ముందు పెయింటు వేయించకండి, ఆ డబ్బు తిరిగి రాదు. ఉన్నదున్నట్టు చూపించి బేరం ఆడండి. ఎవరూ కొనని బండైతే పాత ఇనుము కొట్టుకి తోసేయకండి, ఆర్‌సీ మీ పేరు మీదే మిగిలిపోతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికిచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త కారు కొనేటప్పుడు దానితో రోడ్ ట్యాక్స్‌లో రాయితీ అడగొచ్చు. మనిషికి అమ్మితే బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, 14 రోజుల్లోగా మీ ఆర్‌టీఓ ఆఫీసుకి తెలపండి. అద్దం మీది ఫాస్టాగ్ ఆరోజే మూయించేయండి. లేదంటే కొన్నాయన టోల్‌గేట్ దాటినప్పుడల్లా మీ ఫోన్ మోగుతుంది.